ఆట వాళ్లది... లెక్క వీళ్లది!

2009 మే 24. జొహన్నెస్‌బర్గ్‌లో ఐపీఎల్ ఫైనల్. ఆఖరి ఓవర్ దాకా ఊపిరి బిగబట్టి చూసిన ఆ మ్యాచ్‌లో డెక్కన్ ఛార్జర్స్ ఆరు పరుగుల తేడాతో బెంగళూరును ఓడించింది. అంతకు ముందు ఏడాది పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు కప్పు కొట్టేసరికి హైదరాబాద్ అభిమానుల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మూడేళ్లు గడిచాయో లేదో... ఆ జట్టే లేకుండా పోయింది!

మైదానంలో ఎవరూ దాన్ని తుడిచిపెట్టలేదు. యాజమాన్య సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఒప్పందం రద్దు చేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. వంద కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ చూపాల్సి వచ్చింది. గడువులోగా చూపలేకపోయారు. అంతే, కథ ముగిసింది. ఆ అక్టోబరులోనే సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున చెల్లించేందుకు ఒప్పుకుని హైదరాబాద్ ఫ్రాంచైజీని దక్కించుకుంది. అదే నేటి సన్‌రైజర్స్.

కప్పు గెలవాలంటే గిల్‌క్రిస్ట్ లాంటి కెప్టెన్ కావాలి. జట్టు పదికాలాల పాటు నిలవాలంటే జమాఖర్చులు చూసే మనిషి కావాలి. ఆ మనిషి టీవీలో కనిపించడు. అతని మెడలో పతకం ఉండదు. కానీ అతని లెక్క తప్పితే పతకాలు గెలిచిన జట్టు కూడా గల్లంతే.

‘ఆటలు కూడు పెడతాయా?’ అన్నది తెలుగిళ్లలో తరతరాల ప్రశ్న. ఆడేవాళ్ల విషయంలో ఆ భయం నిజమే. ఐపీఎల్‌లో పది జట్లు. జట్టుకు గరిష్ఠంగా 25 మంది. అంటే ఎంత లెక్కేసినా 250 కుర్చీలు. అందులో జట్టుకు ఎనిమిది దాకా విదేశీయులవి. ఊరూరా బ్యాటు పట్టుకుని తిరిగే లక్షల మంది పిల్లల్లో ఆ కుర్చీ ఎందరికి దక్కుతుంది? కాబట్టి ఆటంటే ప్రాణం పెట్టే అబ్బాయో అమ్మాయో ఇంట్లో ఉంటే, ఆటను ఆనుకుని ఉన్న ఇంకో దారి గురించి కూడా తెలుసుకోవాల్సిందే.

ఒక్క బంతి... 49 లక్షలు!

ఒకప్పుడు మన దేశంలో క్రికెట్ చూపించాలంటే దూరదర్శనే దిక్కు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదనీ తేల్చి చెప్పింది. హీరో కప్ ప్రసారాల మీద బెంగాల్ క్రికెట్ సంఘం నడిపిన కేసు అది. ఆ తీర్పుతో ఆటను అమ్ముకునే దారి తెరుచుకుంది.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు పదేళ్ల ప్రసార హక్కుల ధర వంద కోట్ల డాలర్లు దాటింది. 2022 జూన్‌లో జరిగిన ఈ-వేలంలో అయిదేళ్ల హక్కులకే 48,390 కోట్ల రూపాయలు పలికాయి. అప్పుడు వేసుకున్న 410 మ్యాచ్‌ల లెక్కన చూస్తే మ్యాచ్‌కు 118 కోట్లు. రెండు ఇన్నింగ్స్ పూర్తిగా ఆడితే 240 బంతులు. అంటే బౌలర్ చేతిలోంచి బంతి వెళ్లిన ప్రతిసారీ దాదాపు 49 లక్షలు!

అంత సొమ్ము పెట్టొచ్చని చెప్పింది ఎవరు? ఆటగాళ్లు కాదు. ఎంతమంది చూస్తారు, ఎన్ని ప్రకటనలు పడతాయి, పది సెకన్లకు ఎంత అడగొచ్చు, వానొస్తే ఎంత పోతుంది... ఇవన్నీ నెలల తరబడి లెక్కగట్టే ఆర్థిక విశ్లేషకులు. వాళ్ల పని వేలంతో అయిపోదు. ఆ వేలంలో టీవీ హక్కులు ఒకరికి, డిజిటల్ హక్కులు మరొకరికి వెళ్లాయి. స్టార్, వయాకామ్18 అనే ఆ ఇద్దరూ 2024 నవంబరులో ఒకే గూటికి చేరారు. కొనేవాళ్లు తగ్గితే వచ్చే వేలంలో ధర ఏమవుతుంది? ఆ డబ్బులో వాటా మీదే బతికే జట్లు ఇప్పట్నుంచే ఏం జాగ్రత్తపడాలి? ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ ఉద్యోగం.

వేలం బల్ల దగ్గర

2024 నవంబరు 24న జెడ్డాలో జరిగిన ఆటగాళ్ల వేలం గుర్తుందా? ప్రతి జట్టుకూ ఖర్చు పరిమితి 120 కోట్లు. అయిదుగురిని ముందే అట్టిపెట్టుకున్న లక్నో 69 కోట్లతో బల్ల దగ్గర కూర్చుంది. రిషభ్ పంత్ పేరు వచ్చింది. పాట 20.75 కోట్ల దాకా వెళ్లింది. పాత జట్టు ఢిల్లీ ‘అదే ధరకు మేం తీసుకుంటాం’ అని తనకున్న హక్కు వాడుకుంది. అప్పుడు లక్నోకు ఆఖరిగా ఒక్కసారి ధర పెంచే అవకాశం. వాళ్లు ఏకంగా 27 కోట్లు అన్నారు. ఢిల్లీ తప్పుకుంది.

చూసేవాళ్లకు అది జూదంలా ఉంటుంది. నిజానికి ప్రతి జట్టు బల్ల మీదా కంప్యూటర్లో పట్టికలు సిద్ధంగా ఉంటాయి. 69లో 27 పోతే మిగిలేది 42. ఆ 42 కోట్లతో ఓపెనర్లు, ఫాస్ట్ బౌలర్లు, స్పిన్నర్లు అంతా రావాలి. ఒకడికి కోటి ఎక్కువ పెడితే ఇంకొకడు జారిపోతాడు. పెళ్లి ఖర్చులో నగలకు ఎంత, భోజనాలకు ఎంత అని ఇంట్లో తేల్చుకోవడం లాంటిదే... కాకపోతే ఇక్కడ తేల్చుకోవడానికి దొరికేది క్షణాలే.

ఈ లెక్కల విద్యకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది అమెరికా బేస్‌బాల్. 2002లో ఓక్లాండ్ జట్టు ఆటగాళ్ల జీతాల మొత్తం సుమారు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్లకు పైనే. లీగ్ దశ ముగిసేసరికి రెండు జట్లూ గెలిచింది మాత్రం 103 మ్యాచ్‌లే! ఓక్లాండ్ మేనేజర్ బిల్లీ బీన్ పక్కన కూర్చుని చవగ్గా దొరికే మంచి ఆటగాళ్లను అంకెల్లో వెతికిపెట్టిన పాల్ డిపొడెస్టా హార్వర్డ్‌లో ఎకనామిక్స్ చదివినవాడు. మైఖేల్ లూయిస్ 2003లో రాసిన ‘మనీబాల్’ ఆ కథే.

జెర్సీ మీద పేరు ఎవరిది?

స్పాన్సర్ దొరికితే చాలు పండగే అనుకుంటారు చాలామంది. మన దేశం జట్టు జెర్సీ కథ చూస్తే అది ఎంత పొరపాటో తెలుస్తుంది. 2019లో జెర్సీ మీదికి వచ్చిన బైజూస్ 2023లో తప్పుకుంది. తమకు రావాల్సిన 158 కోట్ల రూపాయల బకాయి కోసం బోర్డు దివాలా చట్టం కింద ట్రైబ్యునల్ తలుపు తట్టాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన డ్రీమ్11ది మూడేళ్ల ఒప్పందం. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ నెలలోనే డ్రీమ్11 కూడా వెళ్లిపోయింది. సెప్టెంబరులో అపోలో టైర్స్ వచ్చింది.

అందుకే స్పాన్సర్‌షిప్ విభాగంలో మాటకారితనం ఒక్కటే సరిపోదు. వచ్చే కంపెనీ ఆర్థిక స్తోమత ఎంత? ఎంత సొమ్ము ముందే కట్టించుకోవాలి? చట్టం మారితే నష్టం ఎవరిది? అల్లుణ్ని వెతికేటప్పుడు చేసినంత ఆరా తీయాలి!

ఆటగాడి వెనక మనిషి

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మార్క్ మెకార్మాక్ అనే లాయర్ ఉండేవారు. 1960లో గోల్ఫ్ వీరుడు ఆర్నాల్డ్ పామర్ ఆదాయ వ్యవహారాలు చూసే పని తలకెత్తుకున్నారు. అందులోంచి పుట్టిందే ఐఎంజీ. ఆటగాళ్ల మేనేజ్‌మెంట్ ఒక వృత్తిగా స్థిరపడింది ఆయనతోనే. మన దగ్గర 1995లో సచిన్ తెందుల్కర్‌తో ఒప్పందం చేసుకున్న వరల్డ్‌టెల్ అధినేత మార్క్ మస్కరేనస్‌ది అలాంటి పాత్రే. మన క్రికెటర్ల సంపాదన స్థాయి మారింది అప్పుడే.

తెలుగు క్రీడాకారుల్లో చూస్తే... 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ కూల్‌డ్రింక్ ప్రకటనకు వద్దన్నారు. ఆయన శిష్యురాలిగా ఎదిగిన పి.వి.సింధు 2018లో ఫోర్బ్స్ పత్రిక క్రీడాకారిణుల సంపాదన జాబితాలో 85 లక్షల డాలర్లతో ఏడో స్థానంలో నిలిచారు. 2021లో టోక్యో పతకం రాగానే అభినందనల పేరుతో ఆమె ఫొటోలను తమ ప్రచారానికి వాడుకున్న కంపెనీలపై చట్టపరమైన చర్యలకు దిగింది ఆమె వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్. ఏ ప్రకటనకు ఒప్పుకోవాలి, దేనికి వద్దనాలి, అడక్కుండా వాడుకున్నవాళ్లను ఎలా నిలదీయాలి... ఆటగాడు సాధనలో ఉంటే ఇవన్నీ చూసేది మేనేజర్, లాయర్, అకౌంటెంట్. క్రీడాకారుడి సంపాదన కాలం పది పదిహేనేళ్లే. మిగతా జీవితానికి సరిపడా దాచిపెట్టడం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

యజమానుల వైపు

డబ్బు పెట్టేవాళ్లలోనూ తెలుగువాళ్లు తక్కువేం లేరు. అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాంలో మొదలైన గ్రంధి మల్లికార్జునరావు ప్రస్థానం అందరికీ తెలిసిందే. ఆయన జీఎంఆర్ సంస్థ 2008లో ఢిల్లీ జట్టును 8.4 కోట్ల డాలర్లకు తీసుకుంది. 2018లో అందులో సగం వాటాను జేఎస్‌డబ్ల్యూకు అమ్మినప్పుడు వచ్చిన విలువ సుమారు 550 కోట్ల రూపాయలు. 2025లో ఇంగ్లండ్‌లోని ‘ది హండ్రెడ్’ జట్ల వాటాలు అమ్మకానికి వస్తే కొన్నవాళ్లలో జీఎంఆర్, సన్ గ్రూప్ ఉన్నాయి. లార్డ్స్ జట్టులో వాటా కొన్న టెక్నాలజీ ప్రముఖుల బృందంలో హైదరాబాద్ బిడ్డలు సత్య నాదెళ్ల, శంతను నారాయణ్ ఉన్నారు. ఇలాంటి ప్రతి బేరం వెనకా విలువ కట్టేవాళ్లు, పన్నుల నిపుణులు, ఒప్పందాలు రాసేవాళ్లు ఉంటారు. కబడ్డీ కూడా తీసిపోలేదు. 2014లో మొదలైన ప్రొ కబడ్డీలో తెలుగు టైటాన్స్‌కూ ఇలాంటి సిబ్బంది కావాల్సిందే.

ఏం చదవాలి?

ఆటల నిర్వహణను ప్రత్యేకంగా చదువు చెప్పడం మొదలైంది 1966లో, అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీలో. యూరప్‌లో మూడు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ‘ఫిఫా మాస్టర్’కు మంచి పేరుంది. మన దేశంలో కోల్‌కతాలోని ఐఐఎస్‌డబ్ల్యూబీఎం, మాజీ క్రికెటర్ నీలేశ్ కులకర్ణి 2010లో ముంబయిలో స్థాపించిన ఐఐఎస్ఎం, ఐఐఎం రోహ్‌తక్ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సులు నడుపుతున్నాయి.

అయితే తల్లిదండ్రులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. కోర్సు పేరులో ‘స్పోర్ట్స్’ అని ఉన్నంత మాత్రాన లక్షలు పోసి చేర్చేయకూడదు. ఇంతకు ముందు చదివిన పనులన్నీ ఒకసారి గుర్తు చేసుకోండి. విలువ కట్టడం, ఒప్పందం రాయడం, అంకెలు విశ్లేషించడం, బకాయి వసూలు చేయడం. వీటికి కావాల్సింది సీఏ, సీఎంఏ, న్యాయశాస్త్రం, స్టాటిస్టిక్స్, ఎంబీఏ లాంటి గట్టి పునాది. అది ఉంటే ఆటల్లో ఉద్యోగం రాకపోయినా బ్యాంకులోనో కంపెనీలోనో వస్తుంది. పునాది లేకుండా పైఅంతస్తు కడితేనే ప్రమాదం. కోల్‌కతా నైట్‌రైడర్స్ సీఈవో వెంకీ మైసూర్ క్రికెట్లోకి రాకముందు బీమా కంపెనీలు నడిపినవారే. కోర్సులో చేర్చే ముందు ఇదివరకు చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ, ఏ పని చేస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. జవాబు దాటేసే సంస్థకు దూరంగా ఉండటమే మేలు.

తళుకు వెనక

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఐపీఎల్ సందడి రెండు నెలలే. జట్లలో ఏడాది పొడుగునా ఉండే సిబ్బంది కొద్దిమందే. చాలా కొలువులు సీజన్‌తో మొదలై సీజన్‌తో ముగుస్తాయి. అందరూ మ్యాచ్ చూసే ఆదివారం సాయంత్రం వీళ్లకు పని మొదలవుతుంది. స్టేడియంలోనే ఉన్నా టికెట్ల గేటు దగ్గరో, లెక్కల గదిలోనో గడిచిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం నోటి కట్టుబాటు. ఎవరికి గాయమైంది, రేపు ఎవరు ఆడరు అన్నది ముందే తెలిసే చోట పనిచేసేవాళ్లు నోరు జారితే పందేల ముఠాలకు పండగే. 2013 నాటి ఫిక్సింగ్, బెట్టింగ్ వ్యవహారంలో చెన్నై, రాజస్థాన్ జట్లు 2016, 2017 సీజన్లకు దూరం కావాల్సి వచ్చింది. కొందరి తప్పుకు జట్టు జట్టంతా మూల్యం చెల్లించింది.

ఇంతకీ మీ ఇంట్లోని కుర్రాడికి ఇది సరిపడుతుందా? తెలుసుకోవడానికి పైసా ఖర్చు అక్కర్లేదు. సన్ టీవీ స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ. తన ఫలితాలతో పాటు సన్‌రైజర్స్ ద్వారా వచ్చిన ఆదాయం, అయిన ఖర్చు విడిగా ప్రకటిస్తుంది. నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. స్కోరుకార్డు చూసినంత ఆసక్తిగా ఆ కాగితం ముందు గంటసేపు కూర్చుని, ‘ఇంత డబ్బు ఎలా వచ్చింది నాన్నా?’ అని మిమ్మల్నే అడిగాడా... వాడికి జవాబు మీరు చెప్పలేకపోయినా ఫర్వాలేదు. కామర్స్ మాస్టారి దగ్గరికి పంపించండి.