వాక్యం తప్పితే వాదం తప్పుతుంది: పరిశోధన వచనంలో వ్యాకరణం

తెలుగు శాఖల్లో వ్యాకరణానికి గౌరవం ఉంది, పని లేదు. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) పాఠ్యగ్రంథంగా కొనసాగుతోంది. సంధి, సమాస సూత్రాలు పరీక్షల్లో తప్పవు. అదే విద్యార్థి సిద్ధాంతగ్రంథం రాసే దశకు వచ్చేసరికి అతని వాక్యాన్ని వ్యాకరణదృష్టితో పరిశీలించేవారు అరుదు. అక్షరదోషాలను దిద్దుతారు, వాక్యదోషాలను ‘శైలి’ పేరిట వదిలేస్తారు. ఈ ఉదాసీనత పరిశోధనకే చేటు. పరిశోధన వచనంలో వాక్యదోషం అందానికి సంబంధించిన లోపం కాదు, ప్రామాణికతకు సంబంధించిన లోపం. ఈ విషయాన్ని నాలుగు రకాల వాక్యాల ద్వారా నిరూపించవచ్చు.

వాక్యదోషం – అర్థభంగం

‘గిడుగును విమర్శించిన పండితులు’, ‘గిడుగు విమర్శించిన పండితులు’ అనే రెండు పదబంధాలకు తేడా ‘ను’ ఒక్కటే. మొదటిదానిలో గిడుగు కర్మ, రెండవదానిలో కర్త. ‘పుస్తకం చదివాడు’ అన్నప్పుడు ద్వితీయావిభక్తి లేకపోయినా అన్వయం చెడదు, ఎందుకంటే పుస్తకం చదవలేదు. మనుష్యవాచకానికి ఈ వెసులుబాటు లేదు. ఆ భేదాన్ని విస్మరించి ప్రత్యయాన్ని వదిలేస్తే, గ్రాంథిక–వ్యావహారిక వివాదంలో ఎవరు ఎవరిని విమర్శించారో తారుమారవుతుంది. ఇక్కడ పోయింది ఒక ప్రత్యయం మాత్రమే కాదు, ఒక చారిత్రక సత్యం.

రెండవ ఉదాహరణ క్త్వార్థకానిది. ‘1914లో గురజాడ అసమ్మతి పత్రం సమర్పించి వ్యావహారికోద్యమం ఊపందుకుంది’ వంటి వాక్యాలు మన వ్యాసాల్లో తరచు కనిపిస్తాయి. సంస్కృతంలో క్త్వా ప్రత్యయానికి పాణిని సమానకర్తృకత్వాన్ని నియమించాడు (3.4.21). తెలుగు క్త్వార్థకంలోనూ సాధారణంగా రెండు క్రియలకూ కర్త ఒక్కటే. అయితే ‘వానలు కురిసి చెరువులు నిండాయి’ వంటి వాక్యాల్లో కర్తలు వేరైనా తెలుగు అంగీకరిస్తుంది. అక్కడ మొదటి క్రియ రెండవదానికి కారణం. కాబట్టి పై వాక్యాన్ని దోషమని తోసిపుచ్చాలి, లేదా ఉద్యమం ఊపందుకోవడానికి ఆ పత్రమే కారణమని రచయిత ప్రతిపాదిస్తున్నట్లు గ్రహించాలి. ఆయన ఉద్దేశం కాలక్రమం మాత్రమే అయితే ‘సమర్పించిన తరువాత’ అనాలి. కార్యకారణ సంబంధమే ఉద్దేశమైతే దానికి ఆధారం చూపాలి. ఇక్కడ వ్యాకరణం అడుగుతున్నది పరిశోధన అడగవలసిన ప్రశ్ననే.

మూడవది వ్యతిరేకార్థక వాక్యం. ‘ఈ కవి కావ్యాలన్నీ అచ్చు కాలేదు’ అంటే ఒక్కటీ అచ్చు కాలేదనా, కొన్ని మిగిలిపోయాయనా? తరువాత వచ్చే పరిష్కర్త ముద్రిత ప్రతుల కోసం వెతకాలా, తాళపత్రాలనే నమ్ముకోవాలా అన్నది ఈ సందిగ్ధతపై ఆధారపడుతుంది. ‘ఏ కావ్యమూ అచ్చు కాలేదు’, ‘కొన్ని కావ్యాలు మాత్రమే అచ్చయ్యాయి’ అనే స్పష్టమైన రూపాలు తెలుగులో ఉండగా ఈ సందిగ్ధతకు కారణం భాష పేదరికం కాదు, రచయిత అజాగ్రత్త.

నాలుగవది అన్నింటికన్నా ప్రమాదకరం. ‘ఈ నాటకం సంస్కరణోద్యమ ఫలితంగా భావించబడుతోంది.’ ఎవరు భావిస్తున్నారు? సమకాలికులా, తరువాతి విమర్శకులా, ఈ వ్యాసకర్తేనా? ‘బడు’ చేర్చిన కర్మణి ప్రయోగం తెలుగు సంభాషణలో అరుదు, సిద్ధాంతగ్రంథాల్లో విరివి. అది శాస్త్రీయతకు గుర్తన్న భ్రమ బలంగా ఉంది. నిజానికి అది కర్తను దాచిపెట్టే పరదా. ‘భావిస్తున్నారు’ అని మార్చినంత మాత్రాన సమస్య తీరదు, తెలుగులో కర్త అధ్యాహార్యం కావచ్చు. కాని ఆ బహువచన క్రియ ‘ఎవరు?’ అనే ఆకాంక్షను రేపుతుంది, ‘బడు’ దానిని అణచివేస్తుంది. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి వాక్యార్థబోధకు హేతువులని పాఠం చెప్పే మనం మన వాక్యాల్లోనే ఆకాంక్షను తీర్చకపోవడం విడ్డూరం.

రెండు అభ్యంతరాలు

వ్యావహారికం వ్యాకరణ శృంఖలాలను తెంచుకున్న భాష అనీ, దానికి మళ్లీ నియమాలేమిటనీ కొందరంటారు. ఇది ఉద్యమ చరిత్రను తలకిందులు చేయడం. సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు వ్యాకరణ ద్వేషి ఎలా అవుతాడు? ఆయన నిరాకరించింది వాడుకలో లేని రూపాలను విధించడాన్ని, నియమబద్ధతను కాదు. ఆధునిక వాక్యానికీ నిర్మాణసూత్రాలున్నాయని చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975) నిరూపించి అర్ధశతాబ్దం అవుతోంది. ఆ పుస్తకాన్ని భాషాశాస్త్ర పత్రానికి పరిమితం చేసి, సాహిత్య పరిశోధకునికి అక్కరలేనిదిగా చూడడం మన శాఖల స్వయంకృతం.

రెండవ అభ్యంతరం మరింత బలమైనది. ‘శుద్ధత’ పేరుతో ప్రాంతీయ భాషలను, శ్రామిక కులాల పలుకుబడిని అవమానించిన చరిత్ర మనకుంది. ఆ అనుమానం న్యాయమైనదే. కాని ‘వచ్చిండు’ వ్యాకరణ దోషం కాదు. ‘వచ్చాడు’ వలెనే అదీ నియమబద్ధ రూపం. దానిని ఎర్రసిరాతో కొట్టివేసి, పక్కనే ఉన్న ‘పరిగణించబడింది’ని వదిలేసే పర్యవేక్షణ వ్యాకరణజ్ఞానం కాదు, ప్రాంతీయాభిమానం. నేను కోరే వ్యాకరణం ఏ మాండలికాన్నీ తప్పుపట్టదు. ఏ మాండలికంలో రాసినా కర్త ఎవరు, కర్మ ఎవరు, కారణం ఏది అని మాత్రమే అడుగుతుంది. పైగా భాషపై అధికారం వారసత్వంగా రాని తొలితరం విద్యార్థికి ఈ వివేచనను నేర్పకపోవడం ఉదారత కాదు, వంచన. వాక్యం తేలిపోతే అతని వాదాన్ని కొట్టిపారేయడానికి ఎవరూ వెనుకాడరు.

ముగింపు

చేయవలసినవి పెద్ద సంస్కరణలేమీ కావు. పీహెచ్.డి. కోర్సువర్కులో వాక్యవిశ్లేషణను చేర్చి, విద్యార్థి తన చిత్తుప్రతి పుటలనే విశ్లేషించేలా చేయాలి. సిద్ధాంతగ్రంథ పరీక్షకులు ‘భాష సరళంగా ఉంది’ అనే మొక్కుబడి మాటకు బదులు, అన్వయం కుదరని వాక్యాలను ఎత్తి చూపాలి. పత్రికల సమీక్షకులు ప్రతి ‘బడింది’ దగ్గర ఆగి ‘ఎవరిచేత?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని చోట దిద్దవలసింది వాక్యాన్ని కాదు, పరిశోధనను.