బిట్‌ బ్యాంకులో పట్టని ఓరుగల్లు

కోహినూరు వజ్రం ఒకప్పుడు వరంగల్‌ భద్రకాళి అమ్మవారి ఎడమ కన్ను. ఈ మాట వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. చెప్పేవారికి గర్వం, వినేవారికి ఆశ్చర్యం. ఆధారం మాత్రం లేదు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్‌ కాఫుర్‌ ఓరుగల్లు కోటను ముట్టడించి, కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి దగ్గర ఏనుగులు, గుర్రాలు, ధనరాశులు పట్టుకుపోయిన మాట నిజం. ఆ కానుకల్లో లోకంలో సాటిలేని మణి ఒకటి ఉందని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్‌ ఖుస్రో రాసిందీ నిజం. అది కోహినూరేనని ఆయన అనలేదు. అనడానికి ఆ పేరు అప్పటికి పుట్టనే లేదు. కోహినూరు గురించి అనుమానానికి తావు లేకుండా దొరుకుతున్న తొలి రాత 18వ శతాబ్దం నాటిది, నాదిర్షా చరిత్ర రాసిన మహమ్మద్‌ కాజిం మార్వీది. మధ్యలో నాలుగు వందల ఏళ్లకు పైగా ఖాళీ. ఆ ఖాళీని ఎవరో అమ్మవారి కంటితో పూడ్చేశారు.

హన్మకొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇలాంటి సంగతులు కొత్తేమీ కాదు. గ్రూప్స్‌ కావచ్చు, కానిస్టేబుల్‌ ఉద్యోగం కావచ్చు, జీకే లేకుండా గట్టెక్కలేరు. ‘రామప్ప గుడి కట్టిన సంవత్సరం?’, ‘రుద్రమదేవి కాలంలో వచ్చిన విదేశీ యాత్రికుడు?’ అన్నవి ఎన్నిసార్లు అడిగినా అరగని బిట్లు. బిట్‌ బ్యాంకు మీద విసుర్లు విసరడం తేలికే. ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారే చోట పిల్లలు జవాబు బట్టీ పట్టక ఏం చేస్తారు? తప్పు వాళ్లది కాదు. జవాబును చేతికిచ్చి, ఆ జవాబు ఎలా తెలిసిందన్నది దాచేసే పద్ధతిది. అసలైన ఆశ్చర్యమంతా ఆ దాచేసిన చోటే ఉంది. ఓరుగల్లు విషయంలో ఇది మరీ నిజం.

రుద్రమదేవినే తీసుకోండి. ఆమె 1295 దాకా పాలించిందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. ఇప్పుడు 1289 అంటున్నారు. ఆరేళ్లు ఎలా తగ్గాయి? నల్లగొండ జిల్లా నకిరేకల్‌ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో దొరికిన ఒక శాసనం వల్ల. దాన్ని వేయించింది రాజు కాదు, మంత్రీ కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక కొలువు మనిషి. కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని ఊరి సోమనాథ దేవరకు ఆయన భూమి దానం చేశాడు. శాసనం తేదీ 1289 నవంబరుకు సరిపోతుంది. రాణి ఏ రోజున, ఎలా కన్నుమూసిందో అందులో లేదు. రాణి, సేనాని ఇద్దరికీ కలిపి పుణ్యం కోరాడు కాబట్టి ఇద్దరూ ఒకే యుద్ధంలో పోయి ఉంటారని, ఎదుటివాడు తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడై ఉంటాడని చరిత్రకారులు ఊహించారు. ఊహ బలమైనదే, అయినా ఊహే. ఓరుగల్లు సింహాసనం మీద కూర్చున్న రాణి ఎప్పటికి లేదో లోకానికి చెప్పింది రాజధానిలోని ఏ ప్రశస్తీ కాదు, దూరపు పల్లెలో ఒక చిన్న కొలువుగాడు ఇచ్చిన చెక్క పొలం.

ఈ ఒక్క తేదీ మరో బిట్‌ను కూడా కదిలిస్తుంది. రుద్రమదేవి రాజ్యానికి వచ్చిన విదేశీ యాత్రికుడు మార్కోపోలో అన్నది ప్రతి గైడులోనూ ఉంటుంది. పోలో కుబ్లాయ్‌ ఖాన్‌ కొలువు వదిలి సముద్రం మీద ఇంటిదారి పట్టింది 1291-92 ప్రాంతంలో. దారిలోనే తెలుగు తీరం సంగతులు సేకరించి ఉంటే, చందుపట్ల శాసనం లెక్కన అప్పటికి రుద్రమ లేదు. ఆయన రాసింది చదివినా ఆ అనుమానమే బలపడుతుంది. రాజ్యాన్ని ఆయన మోటుపల్లి రేవు పేరుతోనే పిలిచాడు. రాణి చనిపోయిన రాజుకు భార్య అన్నాడు, భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందన్నాడు. రుద్రమ ఆ రాజు గణపతిదేవుడి కూతురు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ఆస్థానంలో అడుగు పెట్టినవాడు ఇలా పొరబడడు. రేవులో నావికుల నోట విన్నవాడు పొరబడతాడు.

వజ్రాల కథ మరీ రుచిగా ఉంటుంది. లోతైన లోయల నిండా పాములు, మనిషి దిగలేడు. పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయి, గద్దలు ఆ ముక్కల్ని ఎత్తుకొస్తాయి, జనం గద్దల్ని అదిలించి వజ్రాలు ఏరుకుంటారు. ఇది తెలుగు నేల మీద చూసి రాసిందని నమ్మేవాళ్లున్నారు. కాస్త మార్పులతో ఇదే కథ సింద్‌బాద్‌ రెండో యాత్రలో ఉంది. అంతకు చాలా ముందు, 4వ శతాబ్దంలోనే, సైప్రస్‌ ద్వీపపు బిషప్‌ ఎపిఫానియస్‌ దాన్ని రాసిపెట్టాడు, వేరే రత్నాలకు, వేరే దేశానికి అంటగట్టి. దేశాలు తిరిగిన కథ చివరికి మన వజ్రాల మీద వాలింది. పోలో చెప్పినవాటిలో నమ్మదగ్గది బట్టల సంగతి. సాలెగూడంత సన్నని బట్ట ఇక్కడ నేస్తారని, అలాంటిది ఎక్కడా లేదని ఆయన మెచ్చుకున్నాడు. దాన్ని బిట్‌గా అడిగినవాళ్లు తక్కువ.

అదే మోటుపల్లిలో పోలో కథలన్నిటినీ తలదన్నే నిజం రాతి మీద ఉంది. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊరు. గాలివానకు ఓడ దారి తప్పి తమ తీరానికి కొట్టుకొస్తే అందులోని సరుకంతా లాగేసుకోవడం పాత రాజులకు మామూలు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. ఆ దోపిడీ ఇక ఉండదని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల మీద దయతో నిర్ణీత సుంకం మాత్రమే పుచ్చుకుంటామని అందులో మాట ఇచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెక్కించాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రేట్ల బోర్డు అది. సముద్రానికి ఎంతో దూరాన, రాళ్ల గుట్టల మధ్య కోటలో ఉన్న రాజు ఓడల వాళ్ల గోడు పట్టించుకున్నాడంటే ఖజానాకు ఆ రేవు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ఇక రామప్ప. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చాక ఈ గుడి మీద పుట్టినన్ని వీడియోలు మరి దేనిమీదా పుట్టలేదేమో. హైహీల్స్‌ వేసుకున్న మదనిక, నీటిలో తేలే ఇటుక అన్న రెండూ ప్రతి వీడియోలోనూ ఉండాల్సిందే. ఇటుక తేలడం నిజమే. శిఖరం నుంచి తెచ్చిన ముక్కను బకెట్‌లో వేస్తే మునగదు. మామూలు ఇటుక బరువు అంతే పరిమాణంలోని నీటి బరువుకు దాదాపు రెట్టింపు ఉంటుంది, ఇది నీటికన్నా తేలిక. ఇందులో మంత్రమేమీ లేదు. మట్టిలో ఊకలాంటి కాలిపోయే పదార్థం కలిపి కాలిస్తే, బట్టీలో అది బూడిదై ఇటుక నిండా సన్నని గదులు మిగులుతాయి. అసలు పనితనం గదులు చేయడంలో లేదు. అవి ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుంటే ఇటుక నీళ్లు తాగి మునుగుతుంది. ఎక్కువగా మూసుకుపోయి ఉండాలి, అయినా పైబరువుకు పిండి కాకూడదు. ఈ రెండూ కుదిరేలా మట్టి పాళ్లు, మంట వేడి ఎవరు, ఎన్ని ఇటుకలు పాడుచేసుకుని పట్టుకున్నారో ఏ శాసనమూ చెప్పదు. గుడి కింది సంగతి కూడా తక్కువది కాదు. గొయ్యి తవ్వి ఇసుక నింపి దాని మీద కట్టడం లేపే పద్ధతిని వరంగల్‌ ఎన్‌ఐటీ ప్రొఫెసర్‌గా పనిచేసిన ఎం.పాండురంగారావు అధ్యయనం చేశారు. కింద కదిలే ఇసుక, పైన తేలే ఇటుక, మధ్యలో టన్నుల కొద్దీ రాయి.

వీడియోల్లో ఈ ఇటుకకు తగిలించే ‘ప్రపంచంలో మరెక్కడా లేదు’ అన్న తోక ఒక్కటే అబద్ధం. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దపు రోమన్‌ వాస్తుశిల్పి విట్రూవియస్‌ తన గ్రంథంలో తేలే ఇటుకల గురించి రాశాడు. స్పెయిన్‌లో రెండు ఊళ్లలో, ఇప్పటి టర్కీ తీరంలోని పితానేలో అవి దొరుకుతాయన్నాడు. 18వ శతాబ్దం చివర్లో ఇటలీలో ఫాబ్రోనీ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాట పట్టుకుని మళ్లీ అలాంటి ఇటుక చేసి చూపించాడు. వాళ్లది పుట్టుకతోనే తేలికైన ప్రత్యేకమైన మట్టి. దీంతో రామప్ప చిన్నబోతుందా? బోదు. ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు చోట్ల మనుషులు ఒకే చిక్కుముడి విప్పారన్నది ‘మరెక్కడా లేదు’ అన్న డప్పు కంటే పెద్ద విశేషం.

గుడి పేరు విషయంలోనూ అంతే. శిల్పి పేరుతో ఉన్న ఏకైక ఆలయం అని పరీక్షల్లో వస్తుంది. గుడి దగ్గరున్న శాసనంలో కట్టించిన రేచర్ల రుద్రుడి పేరుంది, ఆయన ప్రభువు గణపతిదేవుడి గొప్పతనం ఉంది, దేవుడికి ఇచ్చిన ఊళ్ల సంగతి ఉంది. రామప్ప అనే శిల్పి పేరు అందులో లేదు. ఇక్కడి దేవుణ్ణి జనం రామలింగేశ్వరుడని కూడా కొలుస్తారు కాబట్టి, పేరు అటునుంచి వచ్చి ఉండవచ్చనే వాదం ఉంది. 1213 అన్న సంవత్సరం మాటేమిటి? శాసనం తేదీ అదే. యునెస్కో మాత్రం పని 1213లో మొదలై నలభై ఏళ్లు సాగిందని భావిస్తున్నట్టు రాసుకుంది. మరి 1213 మొదలా, చివరా? నాలుగు ఆప్షన్లలో ఒక్కటి దిద్దాల్సిన పిల్లవాడికి ఈ గొడవ చెప్పరు. జాయప సేనాని నృత్తరత్నావళిని చూసి ఈ నాట్యశిల్పాలు చెక్కారనే మాట కూడా దీనిమీదే ఆధారపడింది. ఆ గ్రంథం 1253-54 నాటిది. గుడి 1213కే పూర్తయి ఉంటే, పుస్తకం చూసి శిల్పం చెక్కడం కుదరదు. శిల్పం చూసి పుస్తకం రాయడమే కుదురుతుంది.

వేయిస్తంభాల గుడిలో వెయ్యి లెక్కపెట్టినవాళ్లు లేరు. కోటలోని నాలుగు కీర్తి తోరణాలు కోట ద్వారాలు కావు, కూలిపోయిన స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నిలిచినవి. గుడి పోయినా వాకిళ్లు మిగిలి రాష్ట్ర చిహ్నం దాకా ఎక్కాయి. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌ను ఆసియాలో రెండో పెద్దదంటారు. మొదటిది ఏదని అడిగితే చెప్పేవాళ్లు అరుదు.

పాత రాళ్లలోనే వెతకాల్సిన పని కూడా లేదు. 1851లో లండన్‌ మహా ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీ వెళ్లింది, 2018లో ఇక్కడి డర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో హన్మకొండ చేసిన పని దేశంలో ఏ జీకే పుస్తకానికైనా వన్నె తెస్తుంది. అప్పటి కేంద్ర హోం మంత్రి, వరంగల్‌ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి.నరసింహారావును ఓడించి, చందుపట్ల జంగారెడ్డిని గెలిపించింది. ఆ ఎన్నికల్లో దేశమంతటా బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు, గుజరాత్‌లోని మెహసానా ఒకటి, హన్మకొండ ఒకటి. అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్‌లోనూ నిలబడిన పీవీ అక్కడ గెలిచి పార్లమెంటుకు వెళ్లారు. ఏడేళ్లకు ప్రధానమంత్రి అయ్యారు. ఇది ఎలా తెలిసిందని అడగక్కర్లేదు, ఎన్నికల సంఘం లెక్కల్లోనే ఉంది.

జీకేను ఎత్తేయమని ఎవరూ అనరు. రెండు పనులు చేస్తే చాలు. మొదటిది పర్యాటక, పురావస్తు శాఖలది. రామప్ప దగ్గర, వేయిస్తంభాల గుడి దగ్గర, కోటలో ఉన్న శాసనాల్లో ఏముందో తేట తెలుగులో రాసి పక్కనే బోర్డు పెట్టడం. 1163లో కాకతీయ రుద్రదేవుడు వేయిస్తంభాల గుడిలో వేయించిన హనుమకొండ శాసనం ప్రధానంగా సంస్కృతంలో ఉంది. నంది పక్కన సెల్ఫీ దిగి వెళ్లే వేలమందిలో దాన్ని చదవగలిగేవాళ్లు ఎందరు? రాసిన కవి అచింతేంద్రుడి పేరైనా జనానికి తెలియాలి కదా. రెండోది ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లది. సంవత్సరం అడిగే చోట అప్పుడప్పుడైనా ఆధారం అడగండి. ‘రుద్రమదేవి 1289 నవంబరు నాటికి కీర్తిశేషురాలని ఏ ఊరి శాసనం వల్ల తెలిసింది?’ అని ఒక్కసారి గ్రూప్స్‌లో ఇచ్చి చూడండి. మరుసటి ఏడాదికి హన్మకొండ కోచింగ్‌ సెంటర్ల సార్లే పిల్లల్ని బస్సెక్కించి చందుపట్ల చూపించుకొస్తారు, ఫీజులో ఇంకో ఐదొందలు కలుపుకుని అయినా సరే.