మన జుట్టు మీద ఎవరి ఇస్త్రీ?

"పత్రికలో భూమి గురించి రాయండి, రిజర్వేషన్ల గురించి రాయండి, ఈ ఆడోళ్ల పార్లర్ల గోల మనకెందుకు?" అని మా అన్నలు కొందరు అంటరు. వాళ్లకు ముందే జవాబు చెప్తున్నాం. పెండ్లిచూపులకు పోయి, చాయ తాగి, "పిల్ల మంచిదే గాని జుట్టే..." అని నసిగి లేచొచ్చింది మీరే. మీటింగుల్లో అంబేద్కర్ ఫోటోకు దండ వేసి, ఇంటికొచ్చి బిడ్డ నెత్తి చూసి నిట్టూర్చేది మనమే. కాబట్టి ఈ గోల మనదే.

సంగతి ఇది. మేం పాఠాలు చెప్పిన బడిలో పదో తరగతి దాకా చదివిన ఒక పిల్ల, కూలి చేసుకు బతికే ఇంటి పిల్ల, డిగ్రీ అయినంక గ్రూప్స్‌కు చదువుతానని హైదరాబాద్ వచ్చింది. అశోక్‌నగర్ల ఒక హాస్టల్. ఒక్క గదిలో ఆరుగురు. అశోక్‌నగర్, గాంధీనగర్, చిక్కడపల్లి గల్లీలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎటు చూసినా కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ దుకాణాలు, మెస్సులు. ఒక గోడ మీద ర్యాంకుల ఫోటోలు, పక్క గోడ మీద స్మూతెనింగ్, కెరటిన్, పండగ ఆఫర్. గదిలో ఒక పిల్ల నవ్వుతూ "నీది జుట్టా, పిచ్చుక గూడా?" అన్నదట. నవ్వులాటే. ఈ పిల్ల కూడా నవ్విందట. వారం తిరక్కుండా హాస్టల్ ఫీజుకని దాచిన పైసల్లోంచి ఆరు వేలు తీస్కపోయి ఒక పార్లర్ల కూర్చున్నది. ఆ రాత్రే నెత్తి మండింది. రెండు చోట్ల బొబ్బలు లేచినై. నెల తిరిగేసరికి దువ్వెన నిండా జుట్టు. ఆరు వేలంటే ఆమె తల్లి ఎన్ని రోజులు వంగి పత్తి ఏరితే వచ్చే కూలో లెక్క వేసుకోండి.

ఆ పిల్లను మేం తిట్టలేదు. మీరూ తిట్టొద్దు. పిచ్చుక గూడు అనే మాట ఎక్కడిదో అడగండి. పెద్దింటి పిల్లగానికి అదే జుట్టు ఉంటే "ఉంగరాల జుట్టు, ఎంత ముద్దుగున్నడో" అంటరు. సినిమా హీరోకు ఉంటే స్టైల్. పుట్టపర్తి సాయిబాబా నెత్తి మీద బుట్టంత జుట్టు ఉంటే, ప్రధానమంత్రులు, ముఖ్యమంత్రులు పోయి వంగి దండం పెట్టిన్రు. ఎవరూ దువ్వెన పంపలేదు. మన పిల్ల నెత్తి మీదికి వచ్చేసరికి అదే వెంట్రుక మురికి అవుతది, మొరటు అవుతది, "వాడ నుంచి వచ్చినట్టుంది" అవుతది. తేడా వెంట్రుకల్ల లేదు, అది ఎవరి నెత్తి మీద ఉందో అందులో ఉంది.

ఇక్కడ ఒక చదువుకున్న తమ్ముడు మమ్మల్ని నిలదీసిండు. "1927 డిసెంబర్‌లో మహాడ్‌లో బాబాసాహెబే మన ఆడవాళ్లకు చీర కట్టు మార్చుకోండి, బరువు కడియాలు తీసెయ్యండి, శుభ్రంగా ఉండండి అని చెప్పలేదా? మరి జుట్టు మార్చుకుంటే తప్పేంది?" మంచి ప్రశ్నే. చెప్పిండు, నిజం. కాని ఆ చీర కట్టు, ఆ కడియాలు చూడగానే ఫలానా కులపోళ్లని తెలియాలని ఊరు మన ఒంటి మీద వేసిన ముద్రలు. ఎవరో వేసిన ముద్రను తీసి పారెయ్యమన్నడు. జుట్టు ఎవరో వేసింది కాదు, మన పుర్రెలోంచి మొలిచింది. చీర మార్చుకుంటే కిడ్నీ చెడిపోదు, మూడు నెలలకోసారి మళ్లా పైసలు కట్టే పని లేదు. ఈ రెండూ ఒక్కటి కావు, తమ్ముడూ.

మనకన్న ముందు ఈ మంట తెలిసినోళ్లు అమెరికా నల్లవాళ్లు. మాల్కం ఎక్స్ పడుచు వయసుల, 1940లల్ల, బోస్టన్ నగరంల కాస్టిక్ సోడా వంటి క్షారంల ఆలుగడ్డలు, గుడ్లు కలిపిన ముద్ద నెత్తికి పట్టించుకుని, మండుతుంటే పళ్లు బిగబట్టి తెల్లవాళ్ల జుట్టు తెచ్చుకున్నడు. తర్వాత తన ఆత్మకథల అది తలుచుకొని సిగ్గుపడ్డడు. 1960లల్ల అక్కడి ఉద్యమం జుట్టును దాని ఇష్టానికి వదిలెయ్యమన్నది. 2019ల కాలిఫోర్నియా రాష్ట్రం, జుట్టు తీరు చూసి ఉద్యోగంల, బడిల వివక్ష చూపొద్దని చట్టమే చేసింది. 1972ల బొంబాయిల మనవాళ్లు బ్లాక్ పాంథర్ల పేరు తెచ్చుకుని దళిత్ పాంథర్స్ పెట్టుకున్నరు. పేరు తెచ్చుకున్నం గాని, నెత్తి సంగతి అక్కడే వదిలేసి వచ్చినం.

అయినా చేయించుకుంటమంటరా? మీ జుట్టు, మీ ఇష్టం. మేం తాళం వేసేటోళ్లం కాదు. కాని ఆ కుర్చీల కూర్చునే ముందు ఏం పూస్తున్నరో తెలుసుకోండి. వెంట్రుక వంకర తిరగడానికి దాని లోపల గంధకపు ముడులుంటయి. రీబాండింగ్ అంటే థయోగ్లైకోలేట్ అనే మందుతో ఆ ముడులు విప్పి, కాలే ఇస్త్రీతో సాపు చేసి, ఇంకో మందుతో మళ్లా ముడి వేయడం. మందు ఎక్కువసేపు ఉంచితే వెంట్రుక నారపోగులెక్క తెగుతది. ఇదివరకు ఏం పూసిన్రో చెప్పకుండా దాని మీద ఇంకోటి పూయించుకుంటే కుదుళ్ల దగ్గరే విరిగిపోతది. పైగా మొలిచే కొత్త జుట్టు మన జుట్టే. అది వంకరగానే మొలుస్తది. అందుకే పార్లరోళ్లు "మూడు నెలలకు రండి" అంటరు. ఇది మందు కాదు, కిస్తు.

కెరటిన్ అనేది ఇంకో తీరు. వీటిల్ల చాలా రోజులు వాడింది ఫార్మాల్డిహైడ్. నీళ్లల్ల కలిపితే అదే ఫార్మలిన్, మెడికల్ కాలేజీల శవాలు కుళ్లకుండా వాడే మందు. 2004ల ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేదిగా తేల్చింది. సీసా మీద ఆ పేరు ఉండకపోవచ్చు, మిథిలీన్ గ్లైకాల్ అని ఉండొచ్చు, అదీ ఇదీ ఒకటే. 2011ల అమెరికా కార్మిక శాఖ, ఫార్మాల్డిహైడ్ లేదని రాసిన సరుకు వాడే సెలూన్ల గాలిలోనే అది కనిపించిందని హెచ్చరించింది.

దాని మీద భయం పెరిగినంక కంపెనీలు గ్లయాక్సిలిక్ యాసిడ్ తెచ్చినయి. సురక్షితమన్నరు. 2024ల ఫ్రాన్స్ డాక్టర్లు ఒక పెద్ద వైద్య పత్రికల రాసిన సంగతి వినండి. 26 ఏండ్ల యువతి, 2020, 2021, 2022లల్ల ఒక్కటే సెలూన్‌ల మూడుసార్లు జుట్టు సాపు చేయించుకున్నది. మూడుసార్లూ వాంతులు, జ్వరం, నడుం నొప్పి, మూడుసార్లూ కిడ్నీ దెబ్బతిన్నది. ఆ క్రీముల నూటికి పది వంతులు ఈ యాసిడే. అది చర్మంలోంచి లోపలికి పోయి, ఆక్సలేట్ పలుకులై కిడ్నీల పేరుకుంటదని ఎలుకల మీద పరీక్ష చేసి చూపించిన్రు. ఇజ్రాయెల్‌ల 2019, 2022ల మధ్య ఇట్లనే 26 మంది కిడ్నీలు దెబ్బతిని దవాఖానల్ల చేరిన్రు. కాబట్టి చేయించుకున్న రోజో, రెండు మూడు రోజుల్లోనో వాంతులు, నడుం నొప్పి, ఒంటేలు తగ్గడం ఉంటే గ్యాస్ గోళీ మింగి పడుకోవద్దు. గాంధీకో, ఉస్మానియాకో పోయి, జుట్టు చేయించుకున్ననని నోరు తెరిచి చెప్పి, క్రియాటినిన్ పరీక్ష చేయమనండి. ఇది చెప్పకపోతే డాక్టర్‌కు తోచదు. పార్లర్‌ల కూర్చున్నప్పుడే సీసా మీది పేర్లు ఫోన్‌ల ఫోటో తీసుకోండి. చూపెట్టనంటే లేచి రండి.

అమెరికాల ముప్పై మూడు వేలమందికి పైగా ఆడవాళ్లను దాదాపు పదకొండేండ్లు గమనించిన లెక్క 2022ల బయటికొచ్చింది. ఇసువంటి మందులు ఎన్నడూ వాడనోళ్లల్ల 70 ఏండ్లు వచ్చేసరికి గర్భసంచి క్యాన్సర్ నూటికి 1.64 మందికి వస్తే, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినోళ్లల్ల 4.05 మందికి వస్తదని అంచనా కట్టిన్రు. మందే కారణమని ఆ లెక్క రుజువు చేయలేదు, అది కూడా చెప్పాలె. కాని కడుపుతో ఉన్నోళ్లు, పాలిచ్చే తల్లులు, నెత్తి మీద పుండో గాయమో ఉన్నోళ్లు ఆ దిక్కు పోనేవద్దు.

మీరు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటరు. ఆ కుర్చీ వెనక నిలబడ్డ పిల్ల రోజూ ఆ పొగ మింగుతది. ఎవరా పిల్ల? చానాసార్లు మన పిల్లే. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయి, కోర్సు నేర్చుకుని, ఏసీ పోతదని తలుపులు కిటికీలు మూసిన గదిల, కండ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ ఇస్త్రీ లాగుతది. ముక్కుకు కట్టుకునే గుడ్డ మాస్కు ఆ గాలిని ఆపదు. కిటికీ తెరువమంటే, ఫ్యాన్ పెట్టమంటే ఓనరమ్మకు కోపం. జుట్టు సాపు చేయించుకుని వచ్చి అందం గురించి మాట్లాడే మేధావులు ఈ పిల్ల ఊపిరితిత్తుల గురించి ఒక్కసారైనా మాట్లాడిన్రా?

మా పిల్ల సంగతికి వద్దాం. ఆమె అసలు భయం వేరే. "రేపు ఇంటర్వ్యూల జుట్టు చూసి మార్కులు తగ్గిస్తరేమో సార్" అన్నది. మేం నవ్వలేదు, ఏడ్వలేదు. ఇంటర్వ్యూ బల్ల అవతల కూర్చున్నోళ్లు మన ఒంటి రంగు, ఇంటి పేరు, నెత్తి చూసి మార్కులు వేస్తరనే అనుమానం మనకు నిన్న మొన్న పుట్టింది కాదు. కాని తెలంగాణల 2022 నుంచి గ్రూప్-1కు ఇంటర్వ్యూ లేదు. అంతా రాత పరీక్షే. పేపరు దిద్దేటాయనకు నీ జుట్టు కనపడదు బిడ్డా అని చెప్పినం. ఇప్పుడామె చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంల పొద్దున్నే సీటు పట్టుకుని కూర్చుంటది. కుదుళ్ల దగ్గర రెండంగుళాలు వంకీలు, కింద సాపు.

అశోక్‌నగర్, నారాయణగూడ పార్లర్లల్ల పనిచేసే చెల్లెళ్లు మాకు ఉత్తరం రాయండి. ఏ సీసా వాడుతున్నరు, గదికి కిటికీ ఉందా, రోజుకు ఎన్ని నెత్తులు చేస్తున్నరు, దగ్గు, కండ్ల మంట ఎప్పటి నుంచి ఉన్నయి, అడిగితే ఓనరు ఏమన్నది. మీ పేరు వేయం, పార్లర్ పేరు కూడా వేయం. ఉత్తరం రాయడానికి టైం లేకపోతే ఆదివారం సాయంత్రం లైబ్రరీ గేటు దగ్గరికి రండి, మేమే రాసుకుంటం.