ఫార్మాట్ కొట్టేముందు

తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ ఏ కంప్యూటర్ షాపుకైనా వెళ్లి చూడండి. సిస్టమ్ స్లోగా ఉందన్నా, ఆన్ కావట్లేదన్నా, సౌండ్ రావట్లేదన్నా వచ్చే జవాబు ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." షాపాయన్ని తప్పుపట్టలేం. బల్ల మీద పది మెషీన్లు పడుంటాయి. ఫార్మాట్ అంటే గంటలో తేలే పని. జబ్బేంటో వెతకాలంటే ఒక పూట పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. ఆ రెండు రోజులకి ఎవరూ డబ్బులివ్వరు. నా బాధ ఆయన గురించి కాదు. అదే మాట మన హాస్టల్లో, కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్ల నోట, అదీ లినక్స్ గురించి వినపడుతోంది. నా బాధ అదీ.

జరిగేది అందరికీ తెలిసిందే. సెకండియర్లోకి రాగానే ఎవరో ఒక సీనియర్ చెప్తే ఉబుంటూనో మింటో డ్యూయల్ బూట్ వేస్తాం. మొదటి వారం పండగ. యాపిల్ లాప్‌టాప్‌లా కింద డాక్, గుండ్రటి ఐకాన్లు, టెర్మినల్‌కి గాజు పలకలాంటి రంగు, స్టేటస్‌లో స్క్రీన్‌షాట్. మూడో వారం ఒక పొద్దున నల్ల తెర మీద తెల్లక్షరాలు. వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెడితే నిమిషంలో జవాబు: "ఏం కాదులే, ఫార్మాట్ కొట్టెయ్ రా." ఆ ఫోటోలో ఏం రాసుందో పెట్టినవాడూ చదవలేదు, జవాబిచ్చినవాడూ చదవలేదు.

లినక్స్ వాడుతూ ఫార్మాట్ కొట్టడం నాకు కొంచెం విచిత్రంగానే అనిపిస్తుంది. ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొడవంతా మొదలైందే ఒక రిపేరు దగ్గర కదా. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ల్యాబ్‌కి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. అందులో కాగితం ఇరుక్కుపోయేది. ప్రింటరేమో ఒక అంతస్తులో, మనుషులు ఇంకో అంతస్తులో. పాత ప్రింటర్ ఉన్నప్పుడు రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రామ్‌ని కాస్త మార్చి, కాగితం ఇరుక్కుంటే ఎదురుచూస్తున్న వాళ్ల తెరల మీద కబురు వచ్చేట్టు చేశాడు. కొత్తదానికీ అదే చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. కోడ్ దగ్గరున్న ఒక పరిశోధకుణ్ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడట. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి ఆయన చెప్పుకునే కారణాల్లో ఈ ప్రింటర్ ఒకటి. 1991లో ఫిన్‌లాండ్ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్ వచ్చి దానికి తోడైంది. అంటే మనం ఉచితంగా దింపుకుని వాడుతున్న ఈ వస్తువు వెనక ఉన్నది "ఫ్రీగా వస్తుంది" అన్న ఆలోచన కాదు, "చెడితే నేనే బాగు చేసుకుంటాను" అన్న పట్టుదల. ఆ హక్కు చేతిలో పెట్టుకుని ఫార్మాట్ కొట్టడమంటే పొలానికి గట్టు తెగితే మట్టి వెయ్యకుండా పొలమే అమ్మేసినట్టు.

ఇంతకీ ఆ నల్ల తెర మీద ఏముంటుంది? మన వైపు బాగా కనపడే రకం ఒకటి చెప్తాను. మనది తుఫాన్ల దారి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుఫాను లేకపోయినా కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, ఇళ్లలో డెస్క్‌టాప్‌లకి యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. డిస్క్ మీద రాస్తుండగా కరెంటు పోతే మామూలుగా లినక్స్ తన చిట్టా చూసుకుని, సగంలో ఆగినదాన్ని తనే సర్దుకుంటుంది. ఎప్పుడో ఒకసారి దానివల్ల కాదు. అప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని బ్రాకెట్‌లో పెట్టి ఆగిపోతుంది. అందరూ ఆ చివరి లైను చూసి భయపడతారు. దాని పై లైన్లు చదివితే, ఫలానా పార్టిషన్‌లో లెక్క తేడాగా ఉంది, ఎఫ్‌ఎస్‌సీకే అనే కమాండ్‌ని నువ్వే నడపాలి అని ఇంగ్లీషులో, పెద్దక్షరాల్లో రాసుంటుంది. పార్టిషన్ పేరూ అదే చెప్తుంది. డాక్టర్ చీటీ రాసి చేతిలో పెట్టినట్టే. ఎఫ్‌ఎస్‌సీకే కొట్టి, పక్కన ఆ పార్టిషన్ పేరు కొట్టి, అడిగినదానికల్లా అవునని, తర్వాత రీబూట్ చేస్తే చాలాసార్లు డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. కమాండ్ల పేర్లు మన పత్రిక పద్ధతిలో తెలుగులో రాస్తున్నాను గానీ, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషే. చదవని ఆ రెండు లైన్ల కోసం ఇంట్లో ఫోటోలన్నీ, చెల్లెలి ప్రాజెక్ట్ ఫైళ్లతో సహా, ఫార్మాట్‌లో కొట్టుకుపోయిన సందర్భాలు మన క్యాంపస్‌లోనే ఉన్నాయి.

అదే తెర వారానికోసారి వస్తుంటే మాత్రం అది కరెంటు గొడవ కాదు, డిస్కే పోతోందని అర్థం. అప్పుడు ముందు డేటా వేరే దాంట్లోకి కాపీ చేసుకోవాలి, రిపేరు తర్వాత. ఈ తేడా కూడా మెసేజ్ చదివేవాడికే తెలుస్తుంది. డీమెసేజ్ అని కొడితే కెర్నెల్ ఏమంటోందో మొత్తం వినిపిస్తుంది. డిస్క్ చదవలేకపోతున్నానన్న గోల అందులో వరసగా కనపడితే, ఫార్మాట్ కొట్టినా ఉపయోగం లేదు. పోతున్న డిస్క్‌కి ఫార్మాట్ కొట్టించుకుని డబ్బులిచ్చి వచ్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఇంకో చిన్న తగాదా నాకు ఇష్టమైనది, ఎందుకంటే దాని జవాబు అంకెలోనే ఉంది. డ్యూయల్ బూట్ పెట్టుకున్నవాళ్లకి లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్లగానే గడియారం వెనక్కి పోతుంది. "సీమాస్ బ్యాటరీ పోయిందన్నా, కొత్తది వేయించా, అయినా అంతే" అంటాడు జూనియర్. ఎంత వెనక్కి పోయిందో చూశావా అంటే చూసి ఉండడు. చూస్తే సరిగ్గా ఐదున్నర గంటలు. ఎక్కడో విన్న అంకె కదా? మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది గ్రీనిచ్ సమయం అని లినక్స్ అనుకుంటుంది, అదే ఇక్కడి సమయం అని విండోస్ అనుకుంటుంది. రెండింటికీ మధ్య ఉన్నది మన దేశం. టైమ్‌డేట్‌సీటీఎల్ ద్వారా లినక్స్‌ని లోకల్ సమయానికి ఒప్పించొచ్చు. లేదంటే విండోస్ రిజిస్ట్రీలో ఒక విలువ చేర్చి దాన్నే గ్రీనిచ్‌కి ఒప్పించొచ్చు, నాకైతే ఈ రెండోదే నయం. బ్యాటరీ కొనేముందు తేడా ఎంతో కొలిచి ఉంటే సరిపోయేది. కొలవడం ఇంజనీరింగ్‌లో మొదటి ల్యాబ్ నుంచీ నేర్పుతున్నారు, మనం దాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో పాటే స్టోర్ రూమ్‌లో వదిలేసి వచ్చాం.

వైఫై సంగతి అందరికీ తెలుసు. డ్రైవర్ దింపాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఫోన్‌కి కేబుల్ తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఆ ముడి విడిపోతుంది. విండోస్ డ్రైవ్‌లోకి ఫైళ్లు కాపీ కాకపోతే సాధారణంగా విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ కారణం. అది పూర్తిగా షట్‌డౌన్ కాకుండా సగం నిద్రలో ఉంటుంది కాబట్టి లినక్స్ ఆ డ్రైవ్‌ని ముట్టుకోవడానికి భయపడుతుంది. వీటికీ ఫార్మాట్లు కొట్టారు మనవాళ్లు.

ఇక అలంకారాల గురించి. డాక్ పెట్టుకోవద్దని నేననను, నా డెస్క్‌టాప్ కూడా మరీ బోడిగా లేదు. కానీ ఎవరో వీడియోలో చెప్పిన పదిహేను కమాండ్లు, ముందు సుడో తగిలించి, ఏం చేస్తున్నాయో తెలీకుండా అతికించడాన్ని కస్టమైజేషన్ అంటే మాత్రం ఒప్పుకోను. ఆర్నెల్ల తర్వాత గ్నోమ్ కొత్త వెర్షన్ రాగానే ఆ ఎక్స్‌టెన్షన్లలో సగం పనిచెయ్యవు, అప్పుడు ఏది ఎందుకు పెట్టామో మనకే గుర్తుండదు. మన అవసరానికి సిస్టమ్‌ని వంచుకోవడమంటే ఎలా ఉంటుందో మన క్లబ్ పనిలోనే చూడొచ్చు.

ఈ పత్రికకి వచ్చే రచనల్లో కొన్ని డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో కొట్టించినవి. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనపడతాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కాదు. డీటీపీవాళ్లని యూనికోడ్‌కి రమ్మంటే, "ఇరవై ఏళ్లుగా వేళ్లకి అలవాటైన కీబోర్డ్ ఇప్పుడు మార్చుకోమంటారా బాబూ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి లినక్స్‌లో జవాబుంది. ఐబస్‌కి తోడుగా ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ పేరుతో ఒక లేఅవుట్ వస్తుంది. డీటీపీవాళ్లలో చాలామంది వేళ్లకి యాపిల్ పద్ధతే అలవాటు. అక్కడక్కడా కీలు సర్దుకోవాల్సి రావచ్చు గానీ మళ్లీ ఓనమాలు దిద్దక్కర్లేదు. ఫాంట్లకీ కొదవ లేదు. పోతన, వేమన చాలాకాలంగా ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చిన ఫాంట్లలో సాక్షాత్తూ తెనాలి రామకృష్ణ పేరుతోనే ఒకటుంది. తెనాలి పక్కన కూర్చుని ఆ ఫాంట్ ఉందని తెలీకుండా మాక్ డాక్ కోసం రాత్రంతా మేలుకుంటున్నాం.

తెలుగు ఇంటర్‌ఫేస్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. హైదరాబాదు నుంచి పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది, గ్నోమ్‌ని తెలుగులోకి తెచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల శ్రమకి దండం పెడతాను. కానీ మెనూలో ఫైలు బదులు దస్త్రం అని కనపడితే మా అమ్మ కూడా ఆగి ఆలోచిస్తుంది. దస్త్రం అచ్చ తెలుగూ కాదు, ఒకప్పుడు కచేరీల వెంట ఉర్దూ దారిన వచ్చిందే. ఫైలు అనే మాట మండలాఫీసు గుమాస్తా నుంచి నగరం, రేపల్లె వైపు రైతుదాకా అందరికీ తెలుసు. పైగా ఎర్రర్ మెసేజ్ కూడా తెలుగులో వస్తే దాన్ని పెట్టి వెతికినా జవాబు దొరకదు. అప్పుడు కమాండ్ ముందు లాంగ్ ఈక్వల్స్ సీ అని చేర్చి అదే మెసేజ్‌ని ఇంగ్లీషులో రప్పించుకోవాలి. చాలా టెర్మినల్స్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి కనపడటం ఇంకో తంటా. టెర్మినల్ అంటే సమాన వెడల్పు గళ్ల కాగితం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు కలిస్తే వచ్చే మన "స్త్రీ" ఆ గళ్లలో ఇమడదు. కాబట్టి మెనూల అనువాదం కంటే ముందు మనకి కావాల్సింది వేరే ఉందంటాను. ఇంగ్లీషులో వచ్చే మెసేజ్‌కి తెలుగులో అర్థం, తెలుగులో చికిత్స.

"ప్లేస్‌మెంట్లకి చదువుకోవాలా, ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చోవాలా" అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. రేపు పరీక్ష పెట్టుకుని ఈరోజు రాత్రి గ్రబ్ పోతే, డేటా కాపీ చేసుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే తెలివి. నేను వద్దనేది ఆ ఒక్క రాత్రిని కాదు, ప్రతి రాత్రీ అదే చెయ్యడాన్ని. క్లౌడ్ కంపెనీల్లో సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీదే నడుస్తాయి. రేపు ఉద్యోగంలో కస్టమర్ల లావాదేవీలు నడుస్తున్న మెషీన్ ఆగిపోతే, లీడ్ దగ్గరికెళ్లి ఫార్మాట్ కొట్టేద్దాం అనలేం కదా.

ఈ సంగతి ఇప్పుడెత్తడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచీ మాత్రమే. మన జూనియర్లలో ఎంతమంది ఇళ్లలో అన్నదో బాబాయిదో పాత మెషీన్ మీద చదువు నడుస్తోందో చేతులెత్తమంటే తెలుస్తుంది. తెనాలిలో పనికిరాని నట్లూ బోల్టులూ బైక్ చెయిన్లూ తెచ్చి విగ్రహాలు నిలబెడుతున్నారు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ అంతకంటే పనికిరానిదేం కాదు, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ వేస్తే కోడ్ రాసుకోవడానికి సరిపోతుంది. అది చెడినప్పుడు అడగడానికి ఒక మనిషి, చదవడానికి ఒక కాగితం లేకపోతే మాత్రం నెలలో తుక్కులోకే వెళ్తుంది.

ఆ కాగితం మన క్లబ్ తయారుచెయ్యాలని నా ప్రతిపాదన. తెలుగు సాహిత్య క్లబ్‌కి ఇదేం పని అని అడుగుతారేమో. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు చదివింది ఫిజిక్స్. కథలు రాసిన చేత్తోనే సైన్సు వ్యాసాలూ రాశారు, మామూలు మాటల్లో. మనకి అంత చెయ్యి లేకపోవచ్చు. లైబ్రరీలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెడదాం. సమస్యకో పేజీ. పైన తెర మీద కనపడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులో, కింద దాని అర్థం తెలుగులో, ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏం చేస్తే పోయింది, ఏం చేస్తే పోలేదు. పోలేదన్నది కూడా రాయాలి, తర్వాతివాడికి ఒక రాత్రి మిగులుతుంది. ఏడాది చివర దాన్ని టైపు చేసి ఈ పత్రికకి అనుబంధంగా వేద్దాం.

ఐదున్నర గంటల గడియారం పేజీ నేను రాసిస్తాను. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తెర ఫోటోలు ఫోన్లలో ఎవరెవరి దగ్గరున్నాయో వాళ్లు తుడిచెయ్యకుండా పట్టుకు రండి. ఎం17ఎన్‌లో యాపిల్ లేఅవుట్‌ని డీటీపీ షాపులో కూర్చుని ఆపరేటర్‌తో కొట్టించి చూసి, ఎక్కడ తేడా వస్తోందో రాయడానికి తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చేవాళ్లు ఒకరు కావాలి.