ఫోను లాగుకొన్నంత మాత్రమున రోగము పోదు

“మా అబ్బాయి రాత్రి రెండు గంటలైనా ఫోను విడువడు. నిద్రకు ఏదైనా చూర్ణము ఇవ్వండి” అని పలమనేరు, పుంగనూరు ప్రాంతముల తల్లిదండ్రులు తరచుగా నన్ను అడుగుచుందురు. చూర్ణము ఇచ్చుట సులభమే. కాని నిద్ర రాకపోవుట వేరు, వచ్చిన నిద్రను ఆపుకొనుట వేరు. రెండవదానికి ముందుగా కారణమును వెదకవలెను.

నిద్రావేగమును అణచరాదని చరక సంహిత చెప్పుచున్నది. అణచినచో ఆవులింతలు, ఒడలు నొప్పులు, మగత, శిరోరోగములు, కన్నుల బరువు కలుగును. హితము కాదని తెలిసియు చేయుటను ప్రజ్ఞాపరాధమందురు. అయితే తెలిసియు ఎందుకు చేయుచున్నాడన్నదే అసలు ప్రశ్న.

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత డేటా చవుకయై ఇంటర్నెట్ ఇంటింటికి చేరినది. అది విషమని నేను అనను. బెంగుళూరులో ఉద్యోగము చేయు కొడుకు ముఖమును వీడియోలో చూచి తృప్తిగా భోజనము చేయు తల్లికి ఆ ఫోనే ఔషధము. పరీక్ష తప్పి, ఇంటిలో మందలింపులే గాని మంచిమాట వినని బాలునకు అది తలదాచుకొను చోటు. ఒకే వస్తువు మనిషిని, కాలమును, మోతాదును బట్టి మందో విషమో అగును.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల పట్టికలో 2022 జనవరి నుండి వీడియో ఆటల వ్యసనము అమలులోనున్నది. ఇంటర్నెట్ వాడుకను మొత్తముగా వారు రోగమనలేదు. ప్రపంచమున ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనము బాధించుచున్నదని 2025లో ఆ సంస్థయే ప్రకటించినది. ఆ ఒంటరితనము మన ఇంటిలోనే ఉన్నదేమో చూచుకొనవలెను. తండ్రియే ఫోను చూచుచు కొడుకును మందలించినచో ఆ మాటకు విలువ ఉండదు.

కావున గృహస్థులకు నా సలహా ఇది. రాత్రి భోజనము అందరును కలిసి చేయుడు. పడుకొనుటకు గంట ముందు పెద్దల ఫోనులతో సహా అన్నిటిని వేరొక గదిలో ఉంచుడు. బిడ్డ అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె పది నిమిషములు మర్దించుడు. ఆ సమయమున “ఎంతసేపు చూచితివి?” అని గాక, “ఏమి జరిగినది నాయనా?” అని అడుగుడు.

తిండి, స్నానము, చదువు మాని నెలల తరబడి ఫోనే లోకమైనచో గృహవైద్యముతో కాలము గడుపరాదు. బెంగుళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రిలో ఇందుకై 2014లో ప్రత్యేక చికిత్సా విభాగమును ప్రారంభించిరి. ప్రభుత్వమువారి టెలీ మానస్ సేవకు 14416 నంబరున ఉచితముగా ఫోను చేయవచ్చును. మానసిక వైద్యుని ఆశ్రయించుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.