పన్నెండే ఫొటోలు

మొన్న అటక సర్దుతూంటే నాన్నగారి పాత ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా బయటపడింది. బరోడాలో తయారైన సరుకు. "పాతసామాన్ల వాడికి వేసేద్దామా?" అన్నది మా ఆవిడ. మాకు చేతులు రాలేదు.

మా చిన్నతనాన రాయగడలో ఆ కెమెరా పైకి తీశారంటే యింట్లో పండుగే. రీలుకు పన్నెండే ఫొటోలు. వెనకనున్న ఎర్రకిటికీలో అంకె చూసుకుంటూ రీలు తిప్పాలి. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టి, "ఊపిరి బిగబట్టండర్రా!" అనేవారు నాన్నగారు. ఆయన చాదస్తం కాదది. ఆ కెమెరా కన్ను సెకండులో సుమారు 30వ వంతు తెరుచుకొని వుంటుంది. ఆ కాస్తలో తీసేవారి చెయ్యి వణికినా, ఎదుటివారు కదిలినా ముఖాలు అలుక్కుపోతాయి.

అమ్మ వంతు వచ్చేసరికి, "ఇంకా ఎన్ని వున్నాయి? నాకెందుకు దండగ, పిల్లలకు తియ్యండి" అనేది. అందుచేత మా ఆల్బములో అందరమూ వున్నాం. అమ్మ మాత్రం రెండు మూడు చోట్ల, అదీ వెనక వరసలో.

ఇప్పుడు సెల్‌ఫోనులో వేలకొద్దీ ఫొటోలున్నాయి. తీసినవాటిని మళ్ళీ చూసేదెవరు? ఆ బాకీ పాత కెమెరాతోనే తీర్చాలనిపించి ఒక రీలు తెప్పించాం. వెనకటికి 'ఇందు' రీళ్ళుండేవి. అవి చేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారు 1960లో ఊటీలో వెలిశారు. ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పటి రీలు ఖరీదు చూస్తే గుమాస్తా జీతానికి గుండె గుభేలుమంటుంది. కడిగించడానికి దూరపు పట్నానికి పోస్టులో పంపాలి. ఇవన్నీ అమ్మకు చెప్పలేదు లెండి.

కొరాపుట్‌లో కొండమీది జగన్నాథస్వామి గుడికి అందరం వెళ్ళాం. "పన్నెండూ నీకేనమ్మా" అన్నాం. వింటేనా! "పిల్లల్ని కూడా పిలవరా" అన్నది. సరేనని మనుమల్ని పక్కన నిలబెట్టాం.

మూడు వారాలకు ఫొటోలొచ్చాయి. నాలుగు పనికిరాలేదు, తప్పు మా చేతి వణుకుది. తక్కిన వాటిలో మనుమల ముఖాలు అలుక్కుపోయాయి, ఒక్క క్షణం కుదురుగా నిలబడితేగా! మధ్యన అమ్మ మాత్రం చెక్కుచెదరకుండా వుంది. నలభయ్యేళ్ళ క్రితం నాన్నగారు చెప్పిన మాట మరవలేదు: ఊపిరి బిగబట్టింది.

ఆ ఫొటో చూసి, "ఇంత నల్లగా వున్నానా?" అంటూనే రెండు రోజులు దిండు కింద పెట్టుకుంది.

మీ పెట్టెల్లోనూ యిటువంటి కెమెరాలు, నెగటివులు వుండే వుంటాయి. మన కొండవానల చెమ్మకు వాటికి బూజు పడుతుంది. ఎండిన పొడి డబ్బాలో భద్రం చెయ్యండి. ఫొటో వెనక పెన్సిలుతో పేర్లు రాయించండి. ఆ పేర్లు చెప్పగల పెద్దవాళ్ళు యింట్లో వుండగానే ఆ పని కానివ్వండి.