ఎకో బటన్ నొక్కితే ఎంత మిగులుతుంది?

జనవరి నెల క్రెడిట్ కార్డు బిల్లు వచ్చిన రోజు మా ఇంట్లో ఒక చిన్న గొడవ జరిగింది. మావారు బిల్లు చూస్తూ, "నీ బండికి ఇంత గ్యాస్ ఎందుకవుతోంది? నా కారు గ్యాలనుకి 33 మైళ్ళు ఇస్తోంది, నీది 18 కూడా ఇవ్వట్లేదు. ఆ ఎకో బటన్ నొక్కమని ఎన్నిసార్లు చెప్పాను!" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. కానీ నాకు చురుక్కుమంది.

డిపెండెంట్ వీసా మీద ఎడిసన్ వచ్చిన కొత్తలో రెండేళ్ళపాటు నాకు డ్రైవింగ్ రాదు. పాలు అయిపోయినా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే. లైసెన్సు చేతికొచ్చిన రోజు, ఇంట్లో ఉన్నా సరే, ఓక్ ట్రీ రోడ్డుకి ఒక్కదాన్నే వెళ్ళి కరివేపాకు కొనుక్కొచ్చాను. ఈ బాధ మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. అందుకే నా డ్రైవింగ్ మీద ఎవరు ఏమన్నా, మళ్ళీ ఆ రోజుల్లోకి తోసేస్తున్నట్టు ఉంటుంది.

ఆ వారమే మా పక్క వీధి పిన్నిగారు ఫోన్ చేసి, "శనివారం బ్రిడ్జ్‌వాటర్ గుడికి తీసుకెళ్తావా అమ్మా?" అని అడిగారు. రానుపోను నలభై మైళ్ళు అని మనసులో లెక్క వేసుకుని, "ఈ వారం కుదరదు పిన్నిగారూ" అని అబద్ధం చెప్పేశాను. ఫోన్ పెట్టాక సిగ్గేసింది. నాలుగు డాలర్ల గ్యాస్ గుడిదాకా వచ్చిందా అనిపించింది. సరే, ఈ బటన్ సంగతేమిటో తేల్చుకుందాం అనుకున్నాను.

ఎకో మోడ్ ఇంజన్‌ని మార్చదు, మన కాలిని కాస్త నెమ్మది చేస్తుందంతే. పెడల్ ఎంత నొక్కినా మొదట్లో బండి మెల్లగా స్పందిస్తుంది. గేర్లు తొందరగా పైకి మారతాయి. చాలా కార్లలో ఏసీ జోరు కూడా తగ్గుతుంది. స్పోర్ట్ మోడ్ దీనికి తిరగబెట్టినట్టు ఉంటుంది. పెడల్ ముట్టుకుంటే చాలు దూకుతుంది, కింది గేర్లలోనే ఎక్కువసేపు ఉంటుంది, ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది. అంటే ముందునుంచీ మెల్లగా నడిపేవాళ్ళకి ఎకో కొత్తగా చేసిపెట్టేది తక్కువ.

ఫిబ్రవరిలో నాలుగు వారాలు లెక్క రాశాను. ఒక వారం మామూలు మోడ్, ఒక వారం ఎకో. మా న్యూజెర్సీలో మన గ్యాస్ మనం కొట్టుకోకూడదు, 1949 నుంచీ చట్టం. అందుకని ప్రతి శుక్రవారం ఒకే బంకుకి వెళ్ళి, "మొదటి క్లిక్‌కి ఆపేయండి" అని చెప్పి, ట్రిప్ మీటరు సున్నా చేసేదాన్ని. తిరిగిన మైళ్ళని పోసిన గ్యాలన్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. మామూలు మోడ్‌లో సగటున 17.8, ఎకోలో 18.4. నేను ఏడాదికి తిరిగేది సుమారు 8,000 మైళ్ళు. ఆ లెక్కన ఎకో నాకు మిగిల్చేది ఏడాదికి 15 గ్యాలన్లు. వద్దనక్కర్లేదు గానీ, ఇంట్లో గొడవపడేటంతా లేదు.

మార్చి మొదటి వారంలో మావారితో, "ఒక్క వారం బళ్ళు మార్చుకుందాం. మీరు పిల్లల్ని దింపండి, నేను మీ కారులో వెళ్తాను" అన్నాను. స్కూలు, లెక్కల క్లాసు, కూచిపూడి, కిరాణా అన్నీ ఆయనే తిప్పారు, అదీ ఎకో బటన్ నొక్కిపెట్టి. శుక్రవారం గ్యాస్ పోయించుకుని ఫోన్‌లో భాగహారం చేశారు. 16.9! రెండోసారి చేశారు. అదే వచ్చింది. నేనేమీ అనలేదు, టీ పెట్టి ఇచ్చాను.

తర్వాత ఇద్దరం కూర్చుని అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ, పర్యావరణ సంస్థ కలిసి ఇచ్చే సూచనలు చదివాం. ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో ఊళ్ళో తిరిగే బండి మైలేజీ, 77 డిగ్రీల రోజుతో పోలిస్తే సుమారు 15 శాతం పడిపోతుందట. మూడు నాలుగు మైళ్ళ చిన్న ట్రిప్పులైతే 24 శాతం దాకా. ఇంజన్ వేడెక్కేలోపే మనం దిగిపోతాం కదా! నా రోజంతా అలాంటి ట్రిప్పులే. ఆయనది హైవే మీద ఒకే పరుగు. బండి కొన్నప్పుడు అద్దానికి అంటించే కాగితం మీద కూడా నా మినీవ్యాన్‌కి ఊళ్ళో 19 అనే ఉంది. ఇన్నాళ్ళూ మేం పోల్చింది ఇద్దరు డ్రైవర్లని కాదు, రెండు బళ్ళని, రెండు దారుల్ని.

ఇంకా కొన్ని దొరికాయి. స్కూలు పికప్ లైన్లో హీటర్ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చుంటే గంటకి పావు నుంచి అర గ్యాలను పోతుంది. పైగా న్యూజెర్సీలో, కొన్ని మినహాయింపులు తప్ప, మూడు నిమిషాలకి మించి అలా ఆపి ఉంచకూడదు. కిందటి వేసవిలో పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళినప్పుడు బండి నెత్తిన బిగించిన సామాన్ల పెట్టె ఇంకా అక్కడే ఉంది. దానివల్ల ఊళ్ళో 2 నుంచి 8 శాతం, హైవేల మీద 65-75 మైళ్ళ వేగంలో 10 నుంచి 25 శాతం నష్టం. 50 మైళ్ళ వేగం దాటాక మైలేజీ గబగబా పడిపోతుంది. 1974లో చమురు కరువొచ్చినప్పుడు దేశమంతా 55 మైళ్ళ పరిమితి పెట్టింది అందుకే. దూకుడుగా తొక్కడం, బ్రేకులు కొట్టడం వల్ల ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం దాకా పోతుంది. ఎకో బటన్ ఆపాలని చూసేది ఈ దూకుడునే.

ఒక జాగ్రత్త. కొత్తగా నడుపుతున్నవాళ్ళు హైవే ర్యాంపు మీద ఎకో తీసేయండి. పెడల్ పూర్తిగా తొక్కితే చాలా బళ్ళు శక్తి ఇస్తాయి గానీ, స్పందన మెల్లగా ఉంటే చెయ్యి వణుకుతుంది. వెనక ట్రక్కు వస్తున్నప్పుడు గ్యాస్ లెక్క చూడకూడదు.

ఆ ఆదివారం మావారు చెప్పకుండానే నిచ్చెన వేసుకుని పెట్టె విప్పేశారు, టైర్లలో గాలి కొట్టించారు. నేను కిరాణా పనిని కూచిపూడి క్లాసు సమయంలోకి కలిపేశాను. స్కూలు దగ్గర ఇంజన్ ఆపి, శాలువా కప్పుకుని కూర్చుంటున్నాను. ఏప్రిల్‌లో మైలేజీ 20.1 వచ్చింది. ఎండలు కూడా వచ్చాయి కాబట్టి మొత్తం మా గొప్పే అనను.

పిన్నిగారికి నేనే ఫోన్ చేశాను. నిన్న శనివారం ఇద్దరం గుడికి వెళ్ళొచ్చాం. దారిలో ఆవిడ నా డాష్‌బోర్డు మీద వెలుగుతున్న ఆకుపచ్చ ఆకు చూసి, "ఇదేమిటమ్మా, తులసా?" అన్నారు. "గ్యాస్ ఆదా చేస్తుందట పిన్నిగారూ, కొంచెం" అన్నాను. "కొంచెమే అయినా మంచిదేగా" అని చేతులు జోడించి దండం పెట్టేశారు.